ముద్దాయి ఉన్నాడు, మున్సిఫ్ ఉన్నాడు, సర్కారీ వకీలు ఏడీ?

మా కవిత్వంలో పోలీసు ఉన్నాడు. లాఠీ ఉంది, బూటు ఉంది, అర్ధరాత్రి తలుపు బాదిన చప్పుడు ఉంది. జైలు ఉంది, ములాఖత్ జాలీ అవతల అమ్మీ ముఖం ఉంది. జడ్జి కూడా అప్పుడప్పుడూ కనపడతాడు, ఎత్తు కుర్చీలో, ఉలుకూ పలుకూ లేకుండా. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చిన దగ్గర్నుంచీ తెలుగు ముస్లిం కవిత్వం చాలావరకు నిందితుడి నోటితోనే మాట్లాడుతూ వచ్చింది. మాట్లాడవలసిందే. కానీ ఆ నిందితుడికీ ఆ జడ్జికీ మధ్య నల్లకోటు వేసుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. పోలీసులు రాసిన కాగితాలు చదివి, వీటితో కేసు నిలుస్తుందని కోర్టుకు చెప్పేది అతనే. నిర్బంధం పొడిగించమని అడిగేదీ, బెయిలు ఇవ్వొద్దనేదీ అతనే. ఆ పబ్లిక్ ప్రాసిక్యూటరు మా కవితల్లో దాదాపుగా లేడు. కథల్లో ఉన్నా పేరు లేకుండా ఉంటాడు.

ఇది మా ఒక్కరి సాహిత్యానికే పట్టిన సంగతి కాదు. తెలుగులో కోర్టు వరండాను రావిశాస్త్రి చూపించినంతగా ఇంకెవరూ చూపించలేదు. ఆయన స్వయంగా వకీలు. కానిస్టేబుళ్లు, దొంగసాక్షులు, ప్లీడర్లు, గుమాస్తాలు, అప్పుల్లో కూరుకుపోయిన క్లయింట్లు అందరూ ఆ కథల్లో కిటకిటలాడుతుంటారు. అయినా తెలుగు పాఠకుణ్ణి ఆపి ప్రాసిక్యూటరు డ్యూటీ ఏమిటని అడగండి. శిక్ష పడేలా చూడటం అంటాడు. సినిమా నేర్పింది అదే కదా. ‘అబ్జెక్షన్ యువరానర్’ అని లేచి, చివర్లో హీరో ముందు తల దించుకునే పాత్ర. గెలవాల్సినవాడు, ఓడినవాడు. అంతే.

ఈ అజ్ఞానం ఖరీదు ఎవరు కడుతున్నారన్నది మా ప్రశ్న.

ముందు భాష సంగతి చెబుతాం, అది మాకు కాస్త తెలిసిన సంగతి కనుక. తెలుగు కోర్టు సగం మా జబాన్‌లోనే మాట్లాడుతుంది. వకీలు, దావా, ఫిర్యాది, జామీను, నకలు, జప్తు, ఖైదు, ఫైసలా అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. ఇందులో ఒక మాట దారిలో తిరగబడింది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, న్యాయం కోరి వచ్చినవాడు. ఎవరి మీద దావా వేశారో అతను ‘ముద్దాఅలైహ్’. తెలుగులోకి వచ్చేసరికి తోక తెగిందో, చెవి తప్పు విన్నదో, ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు అయి కూర్చున్నాడు. న్యాయం అడగడానికి పోయిన సాయిబు బోనులో తేలినట్టు! నవ్వులాటకు అన్న మాటే గానీ, కింద మేం చెప్పబోయే కేసులు చదివాక మీకు నవ్వు రాదు.

ఇంకొక మాట తెలుగులోకి రానే లేదు. ఉర్దూ న్యాయభాషలో ప్రాసిక్యూషన్‌ను ‘ఇస్తిగాసా’ అంటారు. ఆదుకొమ్మని పెట్టే కేక అని దాని అర్థం. మన ఊళ్లలో గౌస్ అనే పేరుందే, ఆదుకునేవాడు అని, ఆ మాటా ఈ మాటా ఒకే మూలం నుంచి పుట్టినవి. ప్రాసిక్యూటరు ‘వకీల్-ఎ-ఇస్తిగాసా’. అంటే ఆ కేక తరఫున నిలబడే వకీలు. సర్కారు తరఫున కాదు, పోలీసు తరఫున అసలే కాదు. మనకు మాత్రం ‘సర్కారీ వకీలు’ మిగిలాడు. అభియోక్త అని నిఘంటువుల్లో ఉంది గానీ దాన్ని పలికేవాడు లేడు.

ఇప్పుడు ఒక పత్రాన్ని సాహిత్యంలాగే చదువుదాం. 1990 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో క్యూబా రాజధాని హవానాలో ఐక్యరాజ్యసమితి నేర నివారణ మహాసభ జరిగింది. ప్రాసిక్యూటర్ల పాత్ర గురించి 24 మార్గదర్శక సూత్రాలను అక్కడ ఆమోదించారు. పొడిగా ఉంటుంది ఆ రాత, అలంకారాలేమీ లేవు. కానీ 13వ సూత్రం చూడండి. ఏ వివక్షా లేకుండా పని చేయాలంటుంది. నిందితుడి పరిస్థితినీ బాధితుడి పరిస్థితినీ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలంటుంది. నిందితుడికి మేలు చేసేదైనా కీడు చేసేదైనా ప్రతి విషయాన్నీ పట్టించుకోవాలంటుంది. నిష్పాక్షిక దర్యాప్తులో నేరారోపణకు ఆధారం లేదని తేలితే కేసు మొదలుపెట్టొద్దు, నడుస్తున్నా ఆపే ప్రయత్నం చేయమంటుంది 14. అధికారులు చేసిన నేరాల మీద, మానవ హక్కుల ఉల్లంఘనల మీద తగిన శ్రద్ధ పెట్టమంటుంది 15. చిత్రహింసలతో రాబట్టిన సాక్ష్యమని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే, ఆ హింసించినవాళ్ల మీద తప్ప మరెవరి మీదా దాన్ని వాడొద్దు, కోర్టుకు చెప్పేయమంటుంది 16. అంటే బోనులో ఉన్న కుర్రాడి వీపు మీద వాతలు చూశాక, ఆ వాతలతో రాబట్టిన వాఙ్మూలాన్ని చేతిలో పట్టుకుని ప్రాసిక్యూటరు వాదించడానికి వీల్లేదు. అది డిఫెన్సు వకీలు చూసుకుంటాడులే అని తప్పుకోవడానికీ వీల్లేదు.

ఇవి మార్గదర్శకాలే, వీటి కింద ఎవరికీ జైలు పడదు. అయితే పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక అలాంటిది కాదు. భారతదేశం అందులో 1979లో చేరింది. దాని 14వ అధికరణం ప్రకారం నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి. తన మీద తానే సాక్ష్యం చెప్పేలా అతణ్ణి ఎవరూ బలవంతపెట్టకూడదు. విచారణ అనవసరంగా సాగదీయకూడదు. చేరేటప్పుడు మన ప్రభుత్వం 9వ అధికరణం దగ్గర ఒక మినహాయింపు రాసి పెట్టుకుంది. అక్రమంగా అరెస్టయినవాళ్లు నష్టపరిహారాన్ని హక్కుగా రాబట్టుకునే పద్ధతి మా న్యాయవ్యవస్థలో లేదు అని. ఆ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, హైదరాబాదు దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

ఇవన్నీ తెల్లవాళ్ల మాటలు, ఇక్కడికి నప్పవు అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకోసం మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది చెబుతాం. 1959లో మేడిచెట్టి రామకిష్టయ్య కేసులో, ప్రాసిక్యూషన్ అనేది వేధింపుగా మారరాదని, పబ్లిక్ ప్రాసిక్యూటరు శిక్ష పడాలన్న ఆత్రుత లేకుండా నిందితుడి పట్ల న్యాయంగా ఉండాలని ఆ కోర్టు అన్నది. హవానాకు 31 ఏళ్ల ముందు! 1994లో టాడా కేసుల మీద తీర్పిస్తూ సుప్రీంకోర్టు, నిర్బంధం పొడిగించమని అడిగే ప్రాసిక్యూటరు పోలీసుల కాగితాన్ని అటు నుంచి ఇటు అందించే పోస్టాఫీసు కాదన్నది. అతను దర్యాప్తు సంస్థలో భాగం కాదన్నది. 1999లో శివకుమార్ కేసులో, ఎలాగైనా శిక్ష వేయించాలన్న దాహం ప్రాసిక్యూటరుకు ఉండకూడదన్నది. మాటకు కొరత లేదు ఈ దేశంలో. కింది కోర్టుల్లో ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టర్లే ప్రాసిక్యూట్ చేసేవాళ్లు. 1973 కోడ్ ఆ పద్ధతిని మార్చింది. అయినా ప్రాసిక్యూటర్లను పోలీసు శాఖ అజమాయిషీ నుంచి తప్పించమని 1995లో కూడా సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెప్పాల్సి వచ్చింది. కోటు మారింది, కట్టుబాటు మారలేదు.

ఇక రెండు తీర్పులు. రెండూ గుజరాత్‌వే, ఒకే సంవత్సరపు నెత్తుటివే.

మొదటిది బెస్ట్ బేకరీ. 2002 మార్చి 1న వడోదరలో 14 మందిని చంపేశారు. 2003 జూన్‌లో ఫాస్ట్ ట్రాక్ కోర్టు 21 మంది నిందితులనూ వదిలేసింది. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు ఎదురు తిరుగుతుంటే ప్రాసిక్యూటరు చేసిందేమీ లేదు. 2004 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఆ విచారణను కొట్టేసి, మహారాష్ట్రలో మళ్లీ మొదటినుంచీ జరపమంది. ఆ ప్రాసిక్యూటరు సత్యాన్ని కోర్టు ముందు పెట్టవలసినవాడిలా కాక నిందితుల వకీలులా నడుచుకున్నట్టుందని అన్నది. బేకరీ కాలుతుంటే మరోవైపు చూస్తూ కూర్చున్న నీరోలను అందరూ గుర్తుపెట్టుకున్నారు, పత్రికలన్నీ ఆ మాటే వేశాయి. ప్రాసిక్యూటరు గురించిన వాక్యాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. నీరో ఎప్పుడూ దూరంగా ఉంటాడు. ప్రాసిక్యూటరు రోజూ పదిన్నరకు వచ్చి, సంతకం పెట్టి, సాక్షి నోట్లోంచి జారిపోతున్న నిజాన్ని చూస్తూ నిలబడ్డాడు. 2006లో ముంబయి కోర్టు 9 మందికి శిక్ష వేసింది. 2012లో హైకోర్టు అందులో 5 గురిని వదిలి 4 గురికి శిక్ష ఖాయం చేసింది. అంటే సాక్ష్యం లేక కాదు మొదటిసారి కేసు పోయింది.

రెండోది అక్షరధామ్. 2002 సెప్టెంబరు 24న గాంధీనగర్ గుడి మీద దాడి. ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ జుల్మ్‌ను ఏ మాటలతోనూ తగ్గించి చెప్పలేం. లోపల దూరిన ఇద్దరూ కాల్పుల్లో చచ్చారు. పోటా కింద ఆరుగురి మీద కేసు నడిచింది. 2006లో ముగ్గురికి మరణశిక్ష, మిగతావాళ్లకు జైలు. 2010లో గుజరాత్ హైకోర్టు సరే అన్నది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని వదిలింది. ఆరోజు పార్లమెంటు ఎన్నికల ఫలితాలు. టీవీల్లో ఆ వార్తకు చోటెక్కడిది!

ఆ కేసులో ఒక సాక్ష్యం ఉంది, ఉర్దూ చదవగలిగినవాళ్లుగా దాని దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. చచ్చిన ఇద్దరి ప్యాంటు జేబుల్లో రెండు ఉర్దూ ఉత్తరాలు దొరికాయని పోలీసులన్నారు. వాటిని రాసింది అహ్మదాబాదు ముఫ్తీ అబ్దుల్ ఖయ్యూం అన్నారు. సుప్రీంకోర్టు ఏం చూసిందంటే, ఆ శవాలు గుళ్లతో జల్లెడ అయ్యాయి, బట్టలు నెత్తురులో తడిశాయి. జేబులోని కాగితాలు మాత్రం చిల్లు లేకుండా, మరక లేకుండా ఉన్నాయి. దీన్ని చూడటానికి న్యాయశాస్త్రం చదవక్కర్లేదు. ఇస్త్రీ చేసేవాడు చూసి చెబుతాడు. పన్నెండేళ్లు, మూడు కోర్టులు పట్టింది. ఆ కాగితాన్ని మొట్టమొదట చేతిలోకి తీసుకున్న ప్రాసిక్యూటరుకు కళ్లున్నాయి కదా? ఉన్నాయి. అయితే కాగితం ఉర్దూలో ఉంది. అందులో ఏమి రాసి ఉందన్నది తర్వాతి మాట, ఆ లిపే నేరం ఒప్పుకున్నట్టు కనపడింది. కుడి నుంచి ఎడమకు వెళ్లే ఆ గీతలే సాక్ష్యం. ఈ దేశంలో ప్రేమ్‌చంద్ రాసిన లిపి, రఘుపతి సహాయ్ ఫిరాఖ్ రాసిన లిపి కూడా అదేనని ఎవరికి గుర్తు?

పోటా కింద కేసు నడపడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి కూడా బుర్ర పెట్టకుండా ఇచ్చిందేనని అదే తీర్పు చెప్పింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాఙ్మూలాలు నమ్మదగ్గవి కావన్నది. తర్వాత విడుదలైనవాళ్లు నష్టపరిహారం అడిగితే 2016లో సుప్రీంకోర్టు వినలేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. మామూలుగా మనవాళ్లు వీటిని రెండు వేరు వేరు బాధలుగా చెప్పుకుంటారు. మమ్మల్ని చంపితే శిక్ష పడదు, మమ్మల్ని పట్టుకుంటే విడుదల ఉండదు అని. బాధగా అది నిజం. విశ్లేషణగా సరిపోదు. ఒకచోట ప్రాసిక్యూటరు సాక్షి వైపు చూడలేదు, మరోచోట కాగితం వైపు చూడలేదు. రెండు చోట్లా తన పై అధికారి ముఖం వైపు చూశాడు. అది ఒకే రోగం. దానికి మందు ‘మా వైపు ప్రాసిక్యూటరు’ కాదు. ఎవరి వైపూ కాని ప్రాసిక్యూటరు.

మా సెక్యులర్ మిత్రులు మెచ్చుకున్న సినిమాల దగ్గరికి వద్దాం. అనుభవ్ సిన్హా ‘ముల్క్’ (2018) చూసి మా ఇళ్లల్లో చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు. వారణాసి కుటుంబం, ఒక పిల్లాడు టెర్రరిస్టయితే ఇల్లంతా బోనెక్కడం, హిందూ కోడలు వాదించడం. అందులో ప్రాసిక్యూటరుగా అశుతోష్ రాణా మాటకు మాట వెటకారం చేస్తాడు, మతం మొత్తాన్నీ విచారణకు పెడతాడు. చివర్లో జడ్జి మంచి మాటలు చెబుతాడు, మన మనసు కుదుటపడుతుంది. మా అభ్యంతరం అక్కడే. ఆ ప్రాసిక్యూటరు చెడ్డవాడు కాబట్టి ఓడిపోయాడు అనిపించింది సినిమా. అతను ఓడటం కాదు, కోర్టులో అలా మాట్లాడటమే తన ఉద్యోగ ధర్మానికి విరుద్ధమన్న సంగతి ఎక్కడా లేదు. ఉపన్యాసానికి ఉపన్యాసం జవాబు. నిజం కోర్టుల్లో అంత మంచి వక్తలైన జడ్జీలు అందరికీ దొరకరు.

హన్సల్ మెహతా ‘షాహిద్’ (2012) అంతకన్నా నిజాయితీ గలది. 2010 ఫిబ్రవరిలో తన ఆఫీసులోనే హత్యకు గురైన వకీలు షాహిద్ ఆజ్మీ కథ. అందులో కోర్టు ఇరుకుగా, మనుషులు చిరాగ్గా ఉంటారు. కానీ కెమెరా షాహిద్‌ను విడిచి రాదు. అవతలి వకీలు ఇంటికెళ్లి ఏం తింటాడో, ఫైలు ఎప్పుడు తెరుస్తాడో మనకు తెలియదు.

అది తెలిసింది ఒక్క సినిమాలోనే. చైతన్య తమ్హాణే మరాఠీలో తీసిన ‘కోర్ట్’ (2014). పాట పాడి ఒక పారిశుద్ధ్య కార్మికుణ్ణి ఆత్మహత్యకు ప్రేరేపించాడని ఓ దళిత లోకగాయకుడి మీద కేసు. ప్రాసిక్యూటరు నూతన్ అనే మధ్యతరగతి ఇల్లాలు. పాత చట్టాల్ని గడగడా చదివేస్తుంది. సాయంత్రం లోకల్ రైలెక్కి, పిల్లాణ్ణి తీసుకుని, ఇంటికెళ్లి వంట చేస్తుంది. ఆదివారం కుటుంబంతో నాటకానికి వెళ్తుంది, బయటి రాష్ట్రాలవాళ్లను ఎగతాళి చేసే నాటకం, హాలంతా నవ్వులు. ఆమెకు ఆ గాయకుడి మీద పగ లేదు. అదే భయంకరం. ఈ పాత్రను చూశాక మాకు అనిపించింది, మా కథకులు ఇన్నాళ్లూ విలన్ను వెతుక్కున్నారు గాని ఉద్యోగిని వెతకలేదు. మా గుంటూరులో, మా కర్నూలులో, పాతబస్తీలో బస్సు దిగి టిఫిను డబ్బా పట్టుకుని కోర్టుకెళ్లే ఆ ఉద్యోగి ఎవరు? అతని చేతిలో ఎన్ని ఫైళ్లు? ఎవరు నియమించారు? ఫైల్లో వాతల సంగతి చదివాక అతనికి ఆ రాత్రి నిద్ర పట్టిందా?

జైలు నుంచి వచ్చినవాళ్ల పుస్తకాల్లోనూ ఈ ఖాళీ ఉంది. ముంబయి రైలు పేలుళ్ల కేసులో తొమ్మిదేళ్లు జైల్లో ఉండి 2015లో విడుదలైన బడి పంతులు అబ్దుల్ వాహిద్ షేక్ ‘బేగునాహ్ ఖైదీ’ రాశారు. ఎవరు ఎలా కొట్టారో, వాఙ్మూలం ఎలా తయారైందో అందులో ఉంది. ఆయన కేసులోనే మిగిలిన 12 మందికి అప్పుడు శిక్షలు పడ్డాయి, 5 గురికి మరణశిక్ష. 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు ఆ 12 మందినీ నిర్దోషులన్నది. వాళ్లలో ఒకరు అప్పటికే జైల్లో కోవిడ్‌తో చనిపోయారు. ప్రాసిక్యూషన్ పూర్తిగా విఫలమైందని హైకోర్టు అన్నది. మూడు రోజులకు సుప్రీంకోర్టు, ఆ తీర్పును మరో కేసులో ఆధారంగా చూపరాదన్నది, విడుదలైనవాళ్లను తిరిగి జైలుకు పంపక్కర్లేదనీ అన్నది. ఉర్దూ పత్రికలు ‘బాఇజ్జత్ బరీ’ అని శీర్షికలు పెట్టాయి. ఇజ్జత్‌తో విడుదల! పందొమ్మిదేళ్ల తర్వాత ఏ ఇజ్జత్, ఎవరి దగ్గర మిగిలిందో ఆ శీర్షిక పెట్టినవాళ్లకే తెలియాలి. ఆరోజు రైళ్లలో చనిపోయిన 180 మందికి పైగా జనం ఇళ్లల్లోనూ ఇస్తిగాసా ఇంకా అలాగే ఉంది. వాళ్లనూ ఈ ప్రాసిక్యూషనే మోసం చేసింది.

ఇక్కడొక మాట మా ఖౌమ్‌కు కూడా చెప్పాలి, కొందరికి రుచించకపోయినా. 2008 సెప్టెంబరు 29 మాలేగావ్ పేలుడు కేసులో హిందూత్వ సంస్థలకు చెందినవాళ్లు నిందితులు. తమను హింసించారని వాళ్లూ ఫిర్యాదు చేశారు. ఆ మాట విని మనలో కొందరు నవ్వారు. హవానా 16వ సూత్రంలో మతం లేదు. వాళ్లను కొట్టి రాబట్టిన ఒప్పుకోలు మాకు అక్కర్లేదు. దానితో మా చచ్చినవాళ్లకు ఇన్సాఫ్ దొరకదు. ఆ కేసులో ప్రత్యేక ప్రాసిక్యూటరు రోహిణీ సాలియాన్ 2015 జూన్‌లో బయటికొచ్చి, ప్రభుత్వం మారాక నిందితుల పట్ల మెత్తగా ఉండమని ఎన్ఐఏ అధికారి ద్వారా తనకు కబురొచ్చిందని చెప్పారు. ఎన్ఐఏ కాదన్నది. 2025 జూలై 31న ప్రత్యేక కోర్టు ఏడుగురు నిందితులనూ సాక్ష్యం చాలదని వదిలేసింది. ప్రాసిక్యూటర్లు ఒత్తిడి లేకుండా, అడ్డంకి లేకుండా పని చేసేలా చూడాల్సింది ప్రభుత్వమేనని 4వ సూత్రం. ఆవిడ చెప్పినదాని మీద ఎంతమంది రాశారు? ఒక్క ఇంటర్వ్యూ, నాలుగు రోజుల చర్చ.

మన హైదరాబాదుకొస్తే ఈ రెండు రోగాలూ ఒకే మంచం మీద కనపడతాయి. 2007 మే 18, జుమా నమాజు వేళ మక్కా మసీదులో పేలుడు. తొమ్మిది మంది చనిపోయారు. బయట పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. కుట్ర కేసులు పెట్టారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ పంపిన అడ్వొకేట్ కమిషనరు జైల్లో వాళ్లను చూసి హింస ఆనవాళ్ల గురించి నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక తర్వాత కూడా కేసులు నడిచాయి, అంటే నడిపినవాళ్లు ఉన్నారు. చివరికి కోర్టులో నిలవలేదు. ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున ఇచ్చింది. మంచి నడవడిక సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. ఎముకలు విరిచి నడవడికకు సర్టిఫికెట్! ఆ డబ్బు ఇవ్వడం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. 1979 నాటి ఆ మినహాయింపు వాక్యం ఎక్కడ కాపు కాసి కూర్చుందో ఇప్పుడు తెలిసిందా?

ఆ తర్వాత దర్యాప్తు మరో వైపు తిరిగింది, వేరేవాళ్ల మీద ఛార్జిషీటు పడింది. పెద్ద సంఖ్యలో సాక్షులు ఎదురు తిరిగారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ఎన్ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ వదిలేసింది. ముందు పట్టినవాళ్ల మీద లేని సాక్ష్యం పుట్టించారు, తర్వాత పట్టినవాళ్ల మీద ఉందన్న సాక్ష్యం నిలబెట్టలేకపోయారు. ఆ ఐదుగురు చేశారని మేం ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. చనిపోయిన తొమ్మిది మందిని ఎవరు చంపారన్నదానికి మాత్రం ఈరోజుకీ కోర్టు కాగితాల్లో జవాబు లేదు. పోలీసు కాల్పుల్లో పోయిన ఐదుగురి మాట 15వ సూత్రం కిందికి వస్తుంది, అది ఇంకా వెనకబడి ఉంది.

2024 జూలై 1 నుంచి పాత కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ప్రాసిక్యూటర్లను నియమించేది ఇప్పటికీ ప్రభుత్వాలే, కేసు ఉపసంహరణకు ముందుకు రావాల్సిందీ ప్రాసిక్యూటరే. యూఏపీఏ కింద 90 రోజుల నిర్బంధాన్ని 180 చేయాలంటే ఇప్పటికీ అతని రిపోర్టే కావాలి. ఆ రిపోర్టులు కోర్టు రికార్డులో ఉంటాయి, నకళ్లు తీసుకోవచ్చు. మా కుర్ర రచయితల్లో వకీళ్లున్నారు, విలేకర్లున్నారు. వాళ్లలో ఎవరైనా అలాంటి పది రిపోర్టులు తెచ్చి, ఏ మాట ఏ కేసులో నుంచి ఏ కేసులోకి అక్షరం మారకుండా వచ్చిందో పక్కపక్కన పెట్టి రాస్తే, అచ్చు వేయడానికి మేం సిద్ధంగా ఉన్నాం.